పైకప్పు మీదుగా వచ్చినవాడు

మా ఊళ్ళో ఒక మాట ఉంది, ఫునెస్తుస్ అని. చావు తగిలిన, అని దాని అర్థం. మైల అనుకోవచ్చు గానీ మైల స్నానంతో పోతుంది, ఇది అంత తేలిగ్గా వదలదు. శవం ఉన్న ఇంటినీ ఆ మాటతోనే పిలుస్తారు, ఇల్లయితే ఫునెస్తా అంటారు. గుమ్మం ముందు సైప్రస్ కొమ్మ కట్టింది మొదలు తొమ్మిదో రోజు శుద్ధి అయ్యేదాకా ఆ ఇంట్లో పెళ్ళి ఉండదు, బేరం ఉండదు, పూజారి ఆ వీధి మొహం చూడడు. చెడ్డ కబురుకీ అదే మాట వాడతారు. మన సైన్యం ఓడిపోయిన తేదీకీ వాడతారు. మనిషిని పొడిచిన కత్తికీ అదే మాట. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. చావు తగిలినవాణ్ణీ, చావు తెచ్చేవాణ్ణీ ఒకే మాటతో పిలుస్తారు మావాళ్ళు. పిలిచీ పిలిచీ ఆ ఇద్దరూ ఒకటేనని నమ్మేశారు.

నా పేరు థల్లూసా. పుటియోలి రేవులో శవాల పనంతా వేలంపాటలో దక్కించుకున్న గుత్తేదారు ఒకడున్నాడు, నేను అతని దగ్గర ఏడుపు పని చేస్తాను. పాడె ముందు జుట్టు విరబోసుకుని నడుస్తూ, పోయినవాడి గుణాలు పాడి, మిగతా ఆడవాళ్ళ చేత శోకాలు పెట్టిస్తాను. మోసేవాళ్ళం, ఏడ్చేవాళ్ళం, అందరం ఊరి పొలిమేరలో బురుజు అవతల ఉండాలి. పని లేకపోతే ఊళ్ళో అడుగు పెట్టకూడదు. పని మీద వస్తే ఎర్రటోపీ పెట్టుకుని గంట కొట్టుకుంటూ రావాలి, ఎదురొచ్చేవాళ్ళు తప్పుకోవడానికి. కొత్తలో ఆ టోపీ చూస్తే ఏడుపొచ్చేది. ఇప్పుడది లేకపోతే చెవులకి చలేస్తుంది.

కెలెర్‌ని సాగనంపింది కూడా నేనే. తాళ్ళ వ్యాపారి హోర్దియోనియుస్ గారి పెద్దకొడుకు అతను. అలెగ్జాండ్రియా నుంచి గోధుమలతో వస్తున్న ఓడ క్రీటు దగ్గర మునిగిపోయిందని, ఒక్కరూ మిగల్లేదని చలికాలం ముందర కబురొచ్చింది. శవం లేదు కాబట్టి అతని అంగీ ఒకటి మడిచి పాడె మీద పెట్టారు. పోయినవాణ్ణి పేరు పెట్టి మూడుసార్లు పిలవాలి గదా, అంగీనే పిలిచాను. తరవాత నా పాట నేను అందుకున్నాను. ఆజానుబాహుడని, ఓడ స్తంభమంత మనిషని పాడుతుంటే అతని భార్య టెర్టుల్లా నా దగ్గరకొచ్చింది. నిండు గర్భిణి. కంట్లో చుక్క నీరు లేదు.

"అబద్ధాలు పాడకు. ఆయన పొట్టివాడు. నా చెవి దాకా వస్తాడంతే."

నా ఇన్నేళ్ళ పనిలో పాటకి అడ్డం తగిలిన భార్య ఆవిడొక్కతే. నాకు కోపం రావాలి, రాలేదు. పొట్టివాడని మార్చి పాడాను. అప్పుడు ఏడ్చింది.

చలికాలం పోయి మొదటి ఓడలు రేవుకొస్తున్న రోజులవి. నేను గుడిసె ముందు కూచుని శనగల్లో రాళ్ళు ఏరుతున్నాను. ఒక మనిషి బురుజు దాటి మా వైపు వచ్చాడు. ఎముకల గూడు. ఒంటి మీద జాలర్ల చొక్కా.

"థల్లూసా అంటే ఎవరు?"

"నేనే. ఎవరు పోయారు బాబూ?"

"నేనే."

తల ఎత్తి చూశాను. మనిషి పొట్టిగా ఉన్నాడు. మహా అయితే టెర్టుల్లా చెవి దాకా వస్తాడు. ఒళ్ళో శనగలన్నీ నేలపాలయ్యాయి.

"నా కోసం బాగా ఏడ్చావట గదా అక్కా," అన్నాడు కింద కూలబడుతూ. "మా కాపలావాడు తలుపు సందులోంచి చెప్పాడు. నన్ను చూసి కేక పెట్టి తలుపేసేశాడు. లోపలి నుంచి మా అమ్మ గొంతు వినిపించింది. ఏమందో తెలుసా? నువ్వు నా కొడుకువే అయితే ఈ తలుపు ముట్టుకోకు నాయనా, ఇంట్లో పసిబిడ్డ ఉన్నాడు, అంది. బిడ్డ పుట్టాడని నాకు తెలిసింది అప్పుడే."

"మరి నువ్వేం చేశావు?"

"చెయ్యి వెనక్కి తీసుకున్నాను."

క్రీటు జాలర్లు అతన్ని ఒడ్డుకి లాగారట. చలికాలమంతా జ్వరంతో వాళ్ళ వలల మధ్య పడున్నాడట. ఇక్కడ సత్రంవాళ్ళు పేరు వినగానే బయటికి పొమ్మన్నారు. ఊరంతా ఒక్కటే మాట. పాడె కట్టి పంపిన మనిషి ఫునెస్తుస్. మరి ఎక్కడికి పోవాలని అడిగితే మా వైపు చెయ్యి చూపించారు.

పాడె మోసే డామా అప్పుడే లేచి ఆవలిస్తూ వచ్చాడు. విషయం విని కెలెర్ చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

"నా జన్మలో ఎన్నో శవాల్ని మోశాను. కాళ్ళ మీద నడిచొచ్చింది ఇదొక్కటే. భుజాలకి ఎంత సుఖంగా ఉందో!"

"నోర్ముయ్‌రా," అన్నాను. కెలెర్ మాత్రం నవ్వాడు. నవ్వి నవ్వి దగ్గు పట్టుకుంది. బార్లీ గంజి కాచి ఇచ్చాను. రెండు చేతులా గిన్నె పట్టుకుని తాగాడు.

మర్నాడు పొద్దున్నే అతని తల్లి వెట్టియా బురుజు దగ్గరకొచ్చి కబురంపింది. ఆవిడ ఊరి వైపు నిలబడింది, మేమిద్దరం ఇవతల. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది గానీ కళ్ళు కొడుకుని వదలడం లేదు.

"ఎంత చిక్కిపోయావురా!"

"తలుపు తీస్తే బాగుపడతాను గదమ్మా."

"తలుపు మాట ఎత్తకు. పెద్దల్ని అడిగాం. పాడె వెళ్ళిన తలుపులోంచి నువ్వు మళ్ళీ రాకూడదు. పైకప్పు ఎక్కి మండువాలోంచి దిగాలి. దిగాక నీకు పసిబిడ్డకి పోసినట్టు నీళ్ళు పోసి, గుడ్డలో చుట్టి, నేల మీద పడుకోబెడతాం. మీ నాన్న వంగి నిన్ను ఎత్తుతారు. అప్పుడు నువ్వు కొత్తగా పుట్టినట్టు. ఆ తరవాత నీ పెళ్ళాం నీదే, నీ బిడ్డ నీవాడే."

బిడ్డ పుట్టగానే నేల మీద పెట్టడం, తండ్రి ఎత్తుకోవడం మా అందరి ఇళ్ళలోనూ ఉన్నదే. ఎత్తితే ఇంటి బిడ్డ. ఎత్తకపోతే ఆ సాయంత్రానికి బయట దిబ్బ మీద ఉంటుంది. అలాంటివాళ్ళని తెచ్చి పెంచుకున్నవాళ్ళు మా గుడిసెల్లో ఉన్నారు. గడ్డం మాసిన మగాణ్ణి నేల మీద పెట్టి ఎత్తడం మాత్రం నేనెప్పుడూ వినలేదు.

"అమ్మగారూ," అన్నాను, "ఈయన బతికే ఉన్నాడు. గంజి తాగాడు, రాత్రంతా గురక పెట్టి నన్ను నిద్రపోనివ్వలేదు. తలుపులోంచి నడిచి రానిస్తే ఏం పోయింది?"

"నీకేం, నువ్వెన్నయినా చెబుతావు. నీకు కొత్తగా అంటుకునేదేముంది?" అంది ఆవిడ. తరవాత కొడుకు వైపు తిరిగి, "నీ తరవాత పుట్టిన ముగ్గుర్ని మట్టిలో పెట్టానురా. నీ తమ్ముళ్ళలో ఫ్రొంటో ఒక్కడే మిగిలాడు. నీ బిడ్డకి ఇప్పుడిప్పుడే పళ్ళొస్తున్నాయి. వాడికేమైనా అయితే నేను బతకను," అని గుండె మీద కొట్టుకుంది.

"పళ్ళొస్తున్నాయా?" అన్నాడు కెలెర్. "అయితే పైకప్పే ఎక్కుతాను."

అతని మొహం చూస్తే నాకు తిట్టాలనిపించింది. ఎత్తాల్సినవాళ్ళు ఎత్తకపోతే ఏం చేస్తావని అడిగాను. తండ్రి మీద అనుమానమేంటక్కా అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. చచ్చాడని పేరు పెట్టి పిలిచింది నేనే కాబట్టి, బతికాడని పిలవాల్సింది కూడా నేనేనట. రమ్మని బతిమాలాడు. టోపీ పెట్టుకుని, గంట లేకుండా ఊళ్ళోకి వెళ్ళడం నాకదే మొదటిసారి.

హోర్దియోనియుస్ గారి ఇల్లు తాళ్ళ కొట్టుకి ఆనుకుని ఉంటుంది. కొట్టు వైపు నుంచి నిచ్చెన వేశారు. వీధి జనమంతా గుమిగూడారు, మాకు దూరంగా గోడలకి అతుక్కుని. ఎవడో అత్తిపళ్ళు అమ్ముకుంటున్నాడు కూడా. కెలెర్ నిచ్చెన సగానికి వచ్చి ఆగిపోయాడు. మెట్టుకి నుదురు ఆనించి రొప్పుతున్నాడు. కింద నుంచి ఒకడు, "ఏరా కెలెర్, ఓడ స్తంభం ఎక్కేవాడివి, నిచ్చెనకే ఆయాసమా?" అన్నాడు. అతని చిన్ననాటి స్నేహితుడట. పొద్దుణ్ణుంచీ అతన్ని పేరు పెట్టి పలకరించిన ఊరివాడు వాడొక్కడే.

నన్ను దొడ్డి గుమ్మంలోంచి రానిచ్చారు. మండువా మధ్య వానగుంట, పైన ఆకాశం ముక్క. ఇంటి పెద్ద హోర్దియోనియుస్ గారు టోగా కట్టుకుని నిలబడ్డారు. లావుపాటి మనిషి, పాపం, చెమటలు కక్కుతున్నారు. చిన్నకొడుకు ఫ్రొంటో అక్కడ లేడు. మర్నాడు అతనికి ఊరి పెద్ద గుడి పూజారిగా టోపీ పెడుతున్నారు, ఇలాంటివి కంటబడకూడదని స్నేహితుడింటికి పంపేశారు. పూజారుల తరఫున సబీదియుస్ అనే ముసలాయన మాత్రం వచ్చి స్తంభం పక్కన కుర్చీలో కూచున్నాడు. టెర్టుల్లా అవతలి గది వాకిట్లో బిడ్డని ఎత్తుకుని ఉంది. ఇటు రాకుండా దాది ఆవిడ భుజం పట్టుకుంది.

పెంకులు కదిలాయి. ఆకాశం ముక్కలో కెలెర్ తల కనిపించింది. తండ్రి కొట్లో తాడే పట్టుకుని జారాడు. సగం దూరం బాగానే దిగి, చేతులు వదిలేసి, గుంటలో పడ్డాడు. మోకాళ్ళు కొట్టుకుని నీళ్ళు ఎర్రబడ్డాయి. తల్లి పరుగెత్తుకొచ్చి ఆ నీళ్ళతోనే తల మీంచి పోసింది, తెల్లగుడ్డలో చుట్టింది, చలువరాళ్ళ మీద పడుకోబెట్టింది. ఆవిడ చేతులు ముట్టుకోవడానికి భయపడుతూనే వదలడానికి ఇష్టపడలేదు.

"పిలువు," అంది నన్ను.

"కెలెర్!" అని పిలిచాను. ఎప్పుడూ జవాబు రాని పిలుపు అది, నా గొంతుకి ఎలా పిలవాలో తెలియలేదు.

"ఉన్నాను," అన్నాడు.

"కెలెర్!"

"ఉన్నాను."

మూడోసారికి నవ్వుతున్నాడు. "ఉన్నాను," అంటూ తల పక్కకి తిప్పి బిడ్డ వైపు చూశాడు. బిడ్డ నోట్లో పిడికిలి పెట్టుకుని చొంగ కారుస్తున్నాడు. నా ఎర్రటోపీ చూసి రెండో చెయ్యి చాపాడు.

హోర్దియోనియుస్ గారు ముందుకొచ్చి వంగారు. చేతులు కొడుకు చంకల కిందకి పోబోతున్నాయి. అప్పుడు సబీదియుస్ గొంతు సవరించుకున్నాడు.

"ఒక్క మాట. నేను కాదనడం లేదు. కానీ ఇప్పుడు మీరు ఎత్తారంటే, ఈ ఇంటి మనిషికి చావు తగిలిందని, అతనే ఇంట్లోకొచ్చాడని మీరు ఒప్పుకున్నట్టు. ఈ రోజు నుంచి తొమ్మిది రోజులు ఈ ఇల్లు ఫునెస్తా. రేపు ఈ ఇంటివాడి తల మీద మేము టోపీ పెట్టలేం. ఫ్రొంటో వెనక ఇంకొకడు కాచుకుని ఉన్నాడు, మీకు తెలియంది కాదు."

పెద్దాయన వంగినవాడు వంగినట్టే ఉండిపోయారు.

"ఈ ముక్క నిన్న చెప్పొచ్చు గదయ్యా!" అన్నాను నేను.

"నిన్న నన్నెవరూ అడగలేదు," అన్నాడు ముసలాయన. నా వైపు చూడకుండానే.

"నాన్నా," అన్నాడు కెలెర్ కింద నుంచి. "రాళ్ళు చల్లగా ఉన్నాయి."

హోర్దియోనియుస్ గారు నెమ్మదిగా నిటారయ్యారు. ఆయన్ని చెడ్డమనిషని అనలేను. ఆయన తాత ఇంకొకరి ఇంట్లో బానిసట. ఆ ఇంట్లో ఒక్కడు ఊరి పూజారి కావాలని ఎన్నేళ్ళు కలగన్నారో ఏమో. ఆయన మొహంలో అదంతా కనిపించింది.

"ఒక్క రోజు ఓపిక పట్టు నాయనా. రేపు తమ్ముడి పని కానీ. ఎల్లుండి నేనే ఎత్తుతాను. ఎక్కడికి పోతావు, ఎక్కడికి పోతాను?"

టెర్టుల్లా దాదిని విదిలించుకుంది. "ఎల్లుండేంటి మావయ్యా? నేల మీద పెట్టిన బిడ్డని ఎవరైనా ఎల్లుండి ఎత్తుతారా?"

"నువ్వుండమ్మా."

"ఉండను. ఎత్తండి. మీకు చేతకాకపోతే నేను ఎత్తుతాను."

"ఆడది ఎత్తితే చెల్లదు," అన్నాడు సబీదియుస్.

వెట్టియా ఏమైనా అంటుందేమోనని చూశాను. ఆవిడ భర్త మొహం చూసింది, బిడ్డని చూసింది, నేల మీద కొడుకుని మాత్రం చూడలేదు. కెలెర్ తనంతట తనే లేచి కూచున్నాడు. గుడ్డ భుజాల చుట్టూ కప్పుకున్నాడు. "ఎల్లుండే కదా," అన్నాడు. "ఫర్వాలేదు టెర్టుల్లా. వాడి పేరేంటి?"

"నీ పేరే. పోయావనుకుని పెట్టారు."

"ఒకసారి ముట్టుకోనా?"

"ఎల్లుండి," అంది వెట్టియా.

ఎవరూ ఎత్తనివాడు పొద్దుగూకేదాకా ఇంట్లో ఉండకూడదు గనక మేమిద్దరం దొడ్డి గుమ్మంలోంచి బయటపడ్డాం. వీధిలో జనం ఇంకా ఉన్నారు. ఇందాక ఎగతాళి చేసిన స్నేహితుడు తల దించుకున్నాడు.

మర్నాడు ఫ్రొంటోకి టోపీ పెట్టారు. ఊరేగింపు బాకాలు మా గుడిసెల దాకా వినిపించాయి. కెలెర్ ఆ రోజు గడ్డం గీయించుకున్నాడు, చొక్కా ఉతుక్కున్నాడు, నన్ను ఇరవైసార్లు అడిగాడు రేపటికి ఆరుతుందా అని. ఎల్లుండి వచ్చింది. తాళ్ళ కొట్టు పనివాడొకడు వచ్చి బురుజు అవతల నుంచి కేకేసి చెప్పాడు. అదిప్పుడు పూజారి ఇల్లు. పూజారి ఉన్న కప్పు కింద ఫునెస్తుస్ అయినవాడు అడుగు పెట్టకూడదు. ఒకసారి నేల మీద వదిలేసినవాణ్ణి మళ్ళీ ఎత్తడం ఎక్కడా లేదని పెద్దలు తేల్చారు. అయ్యగారు వేరే ఊళ్ళో ఇల్లు చూస్తామన్నారు, ఖర్చు వాళ్ళదే.

"మరి నా భార్య, బిడ్డ?"

"బిడ్డ అయ్యగారి మనవడు బాబూ. ఈ ఇంటి పిల్లాడు. ఈ ఇంట్లోనే పెరుగుతాడు."

తండ్రి ఒక్క రోజు గడిస్తే ఏమీ కాదని నిజంగానే అనుకున్నాడు, ఆ మాట నేను ఇప్పటికీ నమ్ముతాను. నమ్మినా నా కోపం తగ్గదు.

కెలెర్ వేరే ఊరికి పోలేదు. మా గుత్తేదారు దగ్గర ఎర్రటోపీ అడిగి తీసుకున్నాడు. డామాతో జతగా పాడె మోశాడు. పొట్టివాడు కావడంతో పాడె ఎప్పుడూ ఒక మూల వంగేది. డామా అతని భుజం మీద గుడ్డలు మడత పెట్టి ఎత్తు చేసేవాడు, "పెద్దింటి బాబుకి పరుపు" అని ఏడిపిస్తూ.

పొద్దున పూట టెర్టుల్లా బిడ్డని తీసుకుని బురుజు దాకా వచ్చేది. ఊరి వైపు ఆవిడ, ఇవతల కెలెర్. మధ్యలో రెండు పాడెలు పట్టేంత దారి. బిడ్డకి కెలెర్ టోపీ అంటే పిచ్చి. కెలెర్ దాన్ని తీసి తిప్పేవాడు, తల మీద పెట్టేవాడు, మొహానికి అడ్డం పెట్టుకుని తీసేవాడు. బిడ్డ కిలకిలమనేవాడు. చూసి చూసి ఒకరోజు టెర్టుల్లా బురుజు దాటి వచ్చేసింది. బిడ్డని రెండు చేతులా ముందుకి చాపింది.

"తీసుకో. ఎవరూ లేరు. తీసుకో!"

కెలెర్ చేతులు లేచాయి. బిడ్డ అతని మీదకి వంగాడు, టోపీ అందుకుందామని. అంతలో కెలెర్ వెనక్కి అడుగేశాడు. ఇంకో అడుగు. మా గుడిసె గోడ తగిలేదాకా పోయాడు.

"వద్దు టెర్టుల్లా. పొద్దున్నే ఒకణ్ణి మోసొచ్చాను. వాడికి తగులుతుంది. తీసుకెళ్ళు."

ఆవిడ అలాగే నిలబడి, చేతులు నొప్పెట్టాక బిడ్డని భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. నేను ఊరుకోలేదు.

"నీకు పిచ్చేంట్రా? బిడ్డ ఒళ్ళోకి దూకుతుంటే తోసేస్తావా? నేను ముగ్గుర్ని కన్నాను. ఈ చేతులతోనే శవాల్ని కడిగి, ఈ చేతులతోనే వాళ్ళకి అన్నం పెట్టాను. ఇద్దరు గాడిదల్లా తిరుగుతున్నారు."

"మరి మూడోవాడు?" అన్నాడు.

మూడోవాడికి జ్వరమొచ్చింది, అంతే. ఊళ్ళో ఎంతమంది పిల్లలకి రాలేదు! ఆ మాటే అన్నాను, కానీ అప్పటికే అతను లోపలికి వెళ్ళిపోయాడు.

ఎండాకాలం ముదిరింది. ఊరి పక్క సరస్సు వైపు నుంచి దోమలతో పాటు జ్వరాలు కూడా వచ్చాయి. మాకు ఊపిరాడనంత పని. ఒక మధ్యాహ్నం గుత్తేదారు మనిషి వచ్చి సైప్రస్ కొమ్మ కావాలన్నాడు. ఎవరింటికి అంటే చెప్పడానికి నసిగాడు. డామా అర్థం చేసుకుని, "నేనూ ఇంకొకడూ వెళ్తాంలే," అన్నాడు. కెలెర్ అప్పటికే టోపీ పెట్టుకున్నాడు.

"పెద్దవాళ్ళా?" అని అడిగాడు.

మనిషి తల అడ్డంగా ఊపాడు.

"నేనే వెళ్తాను," అన్నాడు కెలెర్.

గంట నేను పట్టుకున్నాను, డామా పాడె తీసుకున్నాడు. వీధి వీధంతా తప్పుకుంది. ఆ ఇంటి ముందుకొచ్చేసరికి తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ఆనాడు కేక పెట్టి తలుపేసిన కాపలావాడు కళ్ళు తుడుచుకుంటూ పక్కకి జరిగాడు. ఇల్లే ఫునెస్తా అయింది గనక ఇక మమ్మల్ని ఆపాల్సిన పని లేదు. పూజారి ఫ్రొంటో ముందు రోజే జ్వరం సంగతి తెలిసి తోటకి వెళ్ళిపోయాడు. కెలెర్ గడప దగ్గర ఒక క్షణం నిలబడి కిందకి చూసుకున్నాడు. తరవాత కుడికాలు లోపల పెట్టాడు.

ఊపిరి పోయేముందు నేల మీద పెట్టడం మా ఆచారం. పిల్లాడు మండువాలో, వానగుంట పక్కన, అవే రాళ్ళ మీద ఉన్నాడు. పళ్ళు నాలుగూ కనిపిస్తున్నాయి. టెర్టుల్లా పక్కన కూచుని వాడి వేళ్ళు ఒక్కొక్కటే విప్పుతోంది, మూస్తోంది.

వెట్టియా కెలెర్‌ని చూసి గోడకి ఆనుకుంది. "నువ్వు దిగిన రోజే నీతో పాటు దిగిందిరా అది," అంది. "ఈ ఇంట్లోనే ఉండిపోయింది." అరవలేదు ఆవిడ, మామూలు గొంతుతోనే అంది. కెలెర్ కూడా అదే అనుకుంటున్నాడని నాకు తెలుసు.

"వాడు ఏ రోజూ నీ మనవణ్ణి ముట్టుకోలేదు తల్లీ," అన్నాను. "ఇస్తే కూడా ముట్టుకోలేదు. ముట్టుకోకుండానే పోయాడు మీ బిడ్డ. ఇంకా ఎవరి మీద పెడతారు?"

హోర్దియోనియుస్ గారు నల్లబట్టల్లో స్తంభం పట్టుకుని ఉన్నారు. సగానికి సగం చిక్కిపోయారు. "ఇంకెవరూ లేరా?" అని నన్నడిగారు. "వేరే మనిషిని పంపలేకపోయారా?"

"ఆయనే ఎత్తుతారు," అంది టెర్టుల్లా తల ఎత్తకుండా. "వేరేవాళ్ళు ముడితే నేను ఊరుకోను."

కెలెర్ మోకాళ్ళ మీద కూచున్నాడు. తండ్రి వంగిన చోటే వంగాడు. రెండు చేతులూ బిడ్డ చంకల కిందకి పోనిచ్చి, తల వెనక్కి పడకుండా పట్టుకుని, గుండెలకి ఎత్తుకున్నాడు. ఎలా ఎత్తుకోవాలో ఎవరు నేర్పారో మరి. లేచి నిలబడి తండ్రి ఎదరకి వెళ్ళాడు. బిడ్డని ఎత్తిన తండ్రి చెప్పే మాట ఒకటి ఉంటుంది మా ఇళ్ళలో. పుట్టిన రోజున చెబుతారు, వినడానికి అందరూ చుట్టూ చేరతారు.

"వీడు నా కొడుకు," అన్నాడు. "నేను ఎత్తాను."

పెద్దాయన నేల మీదకి జారిపోయారు. ఆయన్ని ఎవరూ లేపలేదు.

నా పని మిగిలింది. పేరు పెట్టి పిలవాలి. డామా మెల్లగా నా మోచెయ్యి తట్టాడు.

"కెలెర్," అని పిలిచాను.

పలుకు లేదు. టెర్టుల్లా మోకాళ్ళలో తల పెట్టుకుంది.

"కెలెర్."

వాకిట్లో కొమ్మ గాలికి గోడకి రాసుకుంటోంది. మూడోసారి పిలవకపోతే ఏమవుతుందోనన్న ఆలోచన నాకు వచ్చింది. ఏమీ కాదు. పిలిచాను.

"ఉన్నాను," అన్నాడు కెలెర్, బిడ్డ తల మీద గడ్డం ఆనించి. "ఉన్నానురా. ఇక్కడే ఉన్నాను."

తన టోపీ తీసి బిడ్డ తలకి పెట్టాడు. అది వాడి కళ్ళ మీదకి జారితే సరిచేశాడు. పాడె వద్దన్నాడు. నేను గంట తీసుకుని ముందు నడిచాను, డామా ఖాళీ పాడెతో వెనక వచ్చాడు, మధ్యలో అతను కొడుకుని ఎత్తుకుని తలుపులోంచి బయటికి వచ్చాడు.